23వ జవాబు: ఐదున్నర దగ్గరే ఆగిపోతున్న మన పిల్లలు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే రావాలి. నోటిఫికేషన్ల కాలంలో అయితే ఇంకా ముందే. 2023 నవంబరులో, అసెంబ్లీ ఎన్నికలకు ముందు, రాహుల్ గాంధీ వచ్చి ఉద్యోగార్థులతో కూర్చుని మాట్లాడింది ఈ చుట్టుపక్కలే. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని, జీవో 29 రద్దు చేయాలని అభ్యర్థులు రోడ్డెక్కింది పక్కనే ఉన్న అశోక్‌నగర్‌లో. ఈ మూడు నాలుగు వీధుల్లో హాస్టల్ గదుల నుంచి జిరాక్స్ షాపుల దాకా అన్నీ సర్కారు ఉద్యోగం చుట్టూ తిరుగుతాయి.

ఆ గ్రూప్స్ పుస్తకాల మధ్య ఇంకో పుస్తకం కూడా కనిపిస్తుంటుంది. కేంబ్రిడ్జ్ ఐఈఎల్‌టీఎస్, చాలాసార్లు జిరాక్స్ కాపీ. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి అలిసిపోయినవాళ్లు, బీకాం, బీటెక్, నర్సింగ్ అయిపోయి 'బయటికి' వెళ్దామనుకున్నవాళ్లు దాన్ని పట్టుకుంటారు. మన ఇళ్లలో 'బయటికి' అంటే ఒకప్పుడు జెద్దా, రియాద్, దుబాయ్. అక్కడికి పాస్‌పోర్టు, వీసా, తెలిసిన మామూ ఒకరు ఉంటే సరిపోయేది. ఇప్పుడు బర్మింగ్‌హామ్, మెల్‌బోర్న్, టొరంటో అంటున్నారు. అక్కడ మామూ ఉన్నా ఇంగ్లిష్ స్కోరు లేకుండా పని జరగదు.

ఈ స్కోరులో సగం వినడం, చదవడం నుంచే వస్తుంది. కోచింగ్‌కు డబ్బు కట్టే తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. పిల్లలు కూడా రాయడం, మాట్లాడటం గురించే భయపడతారు. నిజానికి చాలామంది పడిపోతున్నది, కాస్త శ్రద్ధ పెడితే లేవగలిగేది కూడా ఆ మొదటి సగంలోనే.

కొంచెం లెక్క చూద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీల కోసం మొదలుపెట్టిన ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద ఎంపికైన విద్యార్థికి 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. విమాన టికెట్ ఖర్చు వేరు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి, వయసు 35 దాటకూడదు, డిగ్రీలో 60 శాతం రావాలి. ఐఈఎల్‌టీఎస్ అయితే 6, టోఫెల్ అయితే 60, పీటీఈ అయితే 50 ఉండాలి. నిధుల విడుదలలో ఆలస్యం మీద విద్యార్థుల ఫిర్యాదులు ఎప్పుడూ ఉన్నవే. అయినా ఆటో నడిపే, టైలరింగ్ చేసే ఇంట్లో పిల్లకు ఇంత పెద్ద సాయం ఇంకెక్కడా దొరకదు.

ఇప్పుడు ఒక అమ్మాయి పరీక్ష రాసిందనుకుందాం. చదవడంలో 6, రాయడంలో 5.5, మాట్లాడటంలో 5.5, వినడంలో 5.5. నాలుగూ కలిపి 22.5. నాలుగుతో భాగిస్తే 5.625. నియమం ప్రకారం దగ్గరి అర బ్యాండుకు సరిచేస్తారు కాబట్టి చివరికి వచ్చేది 5.5. అదే అమ్మాయికి వినడంలో 6 వచ్చుంటే మొత్తం 23, సగటు 5.75. దాన్ని 6గా చూపిస్తారు. అంటే వినడంలో అర బ్యాండు తేడా ఆమెను పథకం గడప ఇవతలే నిలబెట్టింది.

వినే విభాగంలో 40 ప్రశ్నలు. పరీక్ష నిర్వాహకులు ప్రకటించిన సగటు లెక్కలో 23 సరైతే 6, 30 సరైతే 7, 35 సరైతే 8. పేపరు కష్టాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ కావచ్చు. 22 దగ్గర ఆగిపోయిన అమ్మాయికి, 23 చేసిన అమ్మాయికి మధ్య తేడా ఒక్క జవాబు. ఆ ఒక్కటి పోయేది ఇంగ్లిష్ రాక కాకపోవచ్చు. బహువచనం చివర 'ఎస్' రాయకపోతే తప్పే. 'రెండు పదాలకు మించకూడదు' అన్నచోట మూడు రాసినా తప్పే. అకామడేషన్‌లో రెండు 'సీ'లు, రెండు 'ఎమ్'లు ఉంటాయి, ఒకటి వదిలేస్తే ఆ మార్కు పోయినట్టే. రాయడానికి, మాట్లాడటానికి ఎగ్జామినర్ అభిప్రాయం ఉంటుంది. వినడం, చదవడం మాత్రం కీ పెట్టి దిద్దేవి. తప్పు రాసినా మైనస్ మార్కులు లేవు, కాబట్టి ఖాళీ వదలడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

వినడం మన పిల్లలకు ఎందుకు కష్టమో చూడాలంటే బడి నుంచి మొదలుపెట్టాలి. పదో తరగతి బోర్డు పరీక్షలో ఇంగ్లిష్ అంటే రాసే పేపరే. విని జవాబు చెప్పే పరీక్ష లేదు. ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లిష్‌లో 20 మార్కుల ప్రాక్టికల్స్ తెచ్చింది, అందులో వినడం కూడా ఒక భాగం. ఇప్పుడు పాతికేళ్ల దగ్గర ఉన్నవాళ్లకు ఆ అవకాశం రాలేదు. వాళ్లు ఇంగ్లిష్‌ను కళ్లతో నేర్చుకున్నారు. ఇంగ్లిష్ బోధనకే పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, 1958 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. అయినా పక్క వీధుల్లోని సర్కారు బడికి దాని గాలి పెద్దగా సోకలేదు.

దీనికి మన ఇళ్ల భాషల సంగతి కూడా తోడవుతుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఉర్దూలోనూ అంతే. 'నేను రేపు ఊరికి వెళ్లను' అన్నప్పుడు కాదు అనే మాట చిట్టచివర తేలుతుంది. దక్నీలో 'మై కల్ గావ్ కు నై జాతుం' అన్నా చివరి దాకా ఆగాల్సిందే. ఇంగ్లిష్‌లో అది కర్త పక్కనే, వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. రెండు భాషల్లోనూ చివరి దాకా ఆగడం అలవాటైన చెవి, ఇంగ్లిష్ వాక్యం మొదట్లో పడిన ముఖ్యమైన మాటను వదిలేసి చివరి మాటను పట్టుకుంటుంది. దానికి తోడు విన్నదాన్ని మనసులో తెలుగులోకో ఉర్దూలోకో మార్చుకుంటూ కూర్చుంటే, ఆ లోపు రికార్డింగ్ తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతుంది. ఒక్కసారే వినిపిస్తారు. మళ్లీ వేయరు.

పరీక్ష పెట్టేవాళ్లకు ఈ బలహీనత బాగా తెలుసు. మాట్లాడేవాళ్లు ముందు 'క్లాసు మంగళవారం' అంటారు, రెండు మాటల తర్వాత 'అయ్యో కాదు, ఈసారి గురువారానికి మార్చారు' అంటారు. మంగళవారం రాసుకుని తర్వాతి ప్రశ్నలోకి వెళ్లిపోయినవాళ్లు దొరికిపోయినట్టే. ఫోన్ నంబర్లలో 'డబుల్ ఫోర్', ఫిఫ్టీన్-ఫిఫ్టీ తేడా, వెన్స్‌డే అని పలికే మాటలో వినపడని 'డీ', ఇవన్నీ మొదటి భాగంలోనే ఎదురవుతాయి. నాలుగు భాగాల్లో అదే తేలిక. ఊరి సంగతులు చెప్పే ఒక గొంతు రెండో భాగం. మూడోది విద్యార్థుల చర్చ, నాలుగోది లెక్చరు. గొంతులు బ్రిటిష్‌వి కావచ్చు, ఆస్ట్రేలియావి, న్యూజిలాండ్‌వి, అమెరికావి కావచ్చు. హాలీవుడ్ సినిమా సబ్‌టైటిల్స్‌తో చూసి 'నాకు ఇంగ్లిష్ వినడం వచ్చు' అనుకునేవాళ్లు మూడో భాగానికి వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టేస్తారు.

ఒక విషయంలో మాత్రం మన పిల్లలకు పక్కవాళ్ల కన్నా మేలు ఉంది. తెలుగు లిపిలో ఇంగ్లిష్ 'జెడ్' శబ్దానికి విడిగా అక్షరం లేదు. ఉర్దూలో దానికి ఒకటి కాదు, నాలుగున్నాయి: జాల్, జే, జ్వాద్, జోయ్. శబ్దం ఒకటే అయినా ఏ మాటకు ఏ అక్షరమో గుర్తుపెట్టుకుని ఉర్దూ రాయడం నేర్చిన పిల్లకు, ఇంగ్లిష్ స్పెల్లింగ్ పెట్టే తంటా కొత్తది కాదు. ఇంగ్లిష్ మాటనూ అదే పద్ధతిలో, మాటకు మాట, రాసి నేర్చుకోవాలి. ఫోన్ దానంతట అదే దిద్దే స్పెల్లింగ్‌ను నమ్ముకుంటే పరీక్ష హాల్లో అది తోడు రాదు.

ఇక చదవడం. అకడమిక్ పేపర్లో మూడు వ్యాసాలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. జవాబులు ఎక్కించుకోవడానికి వేరే సమయం ఉండదు. ఇక్కడ సగటున 23 సరైతే 6, 30 సరైతే 7. వలస, ఉద్యోగం కోసం రాసే జనరల్ ట్రైనింగ్‌లో పాఠాలు తేలిక, అందుకే లెక్క కఠినం: 30 సరైతేనే 6 వస్తుంది, 7 కావాలంటే 34 కావాలి. ఏ పేపర్ రాస్తున్నారో తెలియకుండా పక్కవాళ్ల స్కోరుతో పోల్చుకుని బాధపడేవాళ్లు చాలామంది.

అశోక్‌నగర్ చదువుకు ఇక్కడ ఒక చిక్కుంది. గ్రూప్స్ చదివినవాళ్లు బిట్లతో బతికినవాళ్లు. సంవత్సరం, పేరు, పథకం, జిల్లా అన్నీ బుర్రలో ఉండాలి. ఐఈఎల్‌టీఎస్ చదివే పేపర్లో తెలిసిన విషయం ఎంతున్నా పనికిరాదు. ఒక ఉదాహరణ. వ్యాసంలో చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడని మాత్రమే ఉందనుకుందాం. కింద ప్రశ్న: 'ప్లేగు తగ్గినందుకు గుర్తుగా చార్మినార్ కట్టారు'. హైదరాబాద్ పిల్లకు చిన్నప్పటి నుంచి విన్న కథ. వెంటనే 'ట్రూ' అని పెడుతుంది. సరైన జవాబు 'నాట్ గివెన్', ఎందుకంటే వ్యాసంలో ఆ ముక్క లేదు. చరిత్ర బాగా తెలిసినవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పులు చేస్తారు. ఏళ్ల తరబడి పెంచుకున్న అలవాటును గంటసేపు పక్కన పెట్టడం చిన్న విషయం కాదు. నెల రోజుల క్రాష్ కోర్సులో అది పోతుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. 'ఏడు బ్యాండు గ్యారంటీ' అని గోడల మీద రాసేవాళ్ల సంగతి అసలే చెప్పక్కర్లేదు. స్కోరు ఇచ్చేది వాళ్లు కాదు.

మరి సాధన ఎలా? టెస్టు తర్వాత టెస్టు రాసుకుంటూ పోవడం సాధన కాదు. చాలామంది కేంబ్రిడ్జ్ పుస్తకాలు వరసగా చేసి, మార్కులు వేసుకుని, పుస్తకం మూసేస్తారు. ఒక్కో పుస్తకంలో నాలుగే పూర్తి పరీక్షలు ఉంటాయి. అవి అసలు పరీక్షకు దగ్గరగా ఉండే సరుకు, ఉత్తినే ఖర్చు చేసుకోకూడదు. మొదటి నెల వాటిని ముట్టకుండా చెవికి పని చెప్పడం మేలు. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో ఆరు నిమిషాల కార్యక్రమం ఒకటి ఉంది. ఉచితం, మాటలన్నీ రాసిన పాఠం కూడా పక్కనే ఇస్తారు. ఒకసారి ఊరికే వినాలి. రెండోసారి ఒక్కో వాక్యం ఆపి, విన్నది విన్నట్టు రాయాలి. తర్వాత పాఠంతో పోల్చి చూసుకోవాలి. మొదటి వారం సగం మాటలు తప్పుగా వచ్చినా భయపడక్కర్లేదు. తెలియని మాట వల్ల తప్పు వచ్చిందా, తెలిసిన మాటే కలిపి పలికితే పట్టుకోలేకపోయారా, ఇది తేల్చుకోవడమే అసలు పని. చాలామంది విషయంలో రెండోదే ఎక్కువ. తెలిసిన మాటను చెవి గుర్తుపట్టకపోతే డిక్షనరీ బట్టీ పట్టినా లాభం లేదు.

టెస్టులు మొదలుపెట్టాక తప్పుల నోటుబుక్కు ఒకటి ఉండాలి. బీకాం చదివినవాళ్లకు ఖాతా పుస్తకం రాయడం కొత్త కాదు కదా. స్పెల్లింగ్ తప్పు, బహువచనం తప్పు, మొదట చెప్పిన మాటకు మోసపోవడం, ప్రశ్న చదివేలోపు రికార్డింగ్ దాటిపోవడం, ఇలా దేని కింద ఎన్ని పోయాయో రాసుకుంటే నాలుగు టెస్టుల్లో సొంత బలహీనత బయటపడుతుంది. 19 దగ్గర ఉన్న పిల్ల 23కు రావడానికి ఇంగ్లిష్ మొత్తం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. చాలాసార్లు మొదటి రెండు భాగాల్లో చేతులారా పోగొట్టుకున్న నాలుగు జవాబులు తిరిగి తెచ్చుకుంటే చాలు.

చదవడానికి దినపత్రిక సంపాదకీయం ఒక్కటే చాలదు. పరీక్షలో వచ్చేవి సైన్సు, చరిత్ర, జంతువులు, నగరాలు, మనస్తత్వం మీద పెద్ద వ్యాసాలు. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద దొరికే పాత ఇంగ్లిష్ మ్యాగజైన్లు ఇందుకు బాగా పనికొస్తాయి, ఖర్చూ తక్కువే. రోజుకు ఒక్క వ్యాసం, గడియారం పెట్టుకుని 20 నిమిషాలు. ప్రతి పేరా పక్కన అందులో ఏముందో నాలుగు మాటల్లో రాసుకుంటే, హెడ్డింగులు జతపరిచే ప్రశ్నకు అదే శిక్షణ.

ఇందులో డబ్బు కన్నా పెద్ద ఇబ్బంది చోటు. లైబ్రరీ నిశ్శబ్దంగా చదువుకునే చోటు. అశోక్‌నగర్ ప్రైవేటు స్టడీ హాళ్లూ అంతే, బల్ల, లైటు, ఫ్యాను. వినే సాధనకు కంప్యూటరు, హెడ్‌ఫోన్లు ఉన్న బల్ల కావాలి. రెండు గదుల ఇంట్లో కుక్కర్ విజిల్, టీవీ, తమ్ముడి పిల్లల అల్లరి మధ్య 30 నిమిషాలు ఆపకుండా వినడం ఎవరికైనా కష్టమే. అమ్మాయిలకు ఇంకో చిక్కు: సాయంత్రం బ్యాచి అయ్యేసరికి చీకటి పడుతుంది, ఇంట్లో ఫోన్ల మీద ఫోన్లు. 2020 ఫిబ్రవరిలో మెట్రో గ్రీన్ లైన్ వచ్చాక చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్ల నుంచి ఎంజీబీఎస్ దాకా ప్రయాణం తేలికైంది. నారాయణగూడ తర్వాత సుల్తాన్ బజార్, ఆ తర్వాత ఎంజీబీఎస్సే. అక్కడితో మెట్రో అయిపోతుంది. మూసీ దాటి యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట వెళ్లేవాళ్లు మళ్లీ బస్సో ఆటోనో చూసుకోవాల్సిందే. పాతబస్తీ మెట్రో లేటయ్యే ప్రతి ఏడాదీ ఇలాంటి అమ్మాయిల చదువు మీద కూడా పడుతుంది. దాన్ని ఎవరూ లెక్కలో రాయరు.

ప్రభుత్వం తలుచుకుంటే చిక్కడపల్లి లైబ్రరీలోనే ఒక గదిలో హెడ్‌ఫోన్లతో పది కంప్యూటర్లు పెట్టడం ఎంత పని? 20 లక్షలు ఇవ్వడానికి సిద్ధపడిన పథకం, ఆ పథకం దాకా పిల్లను తెచ్చే మెట్టు గురించి ఆలోచించకపోవడం వింతే. మన మదర్సాల, మసీదు కమిటీల, ఫంక్షన్ హాళ్ల గదులు పగటిపూట చాలాచోట్ల ఖాళీగానే ఉంటాయి. పాత ల్యాప్‌టాప్‌లు ఇచ్చే ఇంజినీర్లు మన బస్తీల్లో లేకపోలేదు.

తొందర ఎందుకంటే, బయటి దేశాల గడప ఏటేటా ఎత్తు పెరుగుతోంది. ఆస్ట్రేలియా 2024 మార్చి 23 నుంచి విద్యార్థి వీసాకు ఐఈఎల్‌టీఎస్ 5.5 బదులు 6 అడుగుతోంది. కెనడా తొందరగా వీసా ఇచ్చే ఎస్‌డీఎస్ పద్ధతిని 2024 నవంబరు 8న ఎత్తేసింది. బ్రిటన్ 2026 జనవరి 8 నుంచి కొత్తగా స్కిల్డ్ వర్కర్ వీసాకు వచ్చేవాళ్ల ఇంగ్లిష్ స్థాయిని బీ1 నుంచి బీ2కు పెంచింది. అంటే ఒక్కో విభాగంలో 4 సరిపోయే చోట ఇప్పుడు 5.5 కావాలి. చదువయ్యాక అక్కడ ఉండనిచ్చే గడువు కూడా, పీహెచ్‌డీ వాళ్లకు తప్ప, 2027 జనవరి 1 తర్వాత దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. మన డాక్టర్లకు బ్రిటన్ మెడికల్ కౌన్సిల్ మొత్తం మీద 7.5, ఏ విభాగంలోనూ 7కు తగ్గకూడదు అంటుంది. నర్సులకు వినడం, చదవడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5. ఒక్క విభాగంలో అర బ్యాండు తగ్గినా ఆ ఒక్క పరీక్ష స్కోరు సరిపోదు.

పరీక్షలూ మారుతున్నాయి. టోఫెల్ 2026 జనవరి 21 నుంచి 1 నుంచి 6 దాకా ఉండే కొత్త కొలతకు మారింది. అందులో వినడం, చదవడం విభాగాలు అభ్యర్థి జవాబులను బట్టి తేలికవో కష్టమైనవో అవుతాయి. రెండేళ్ల పాటు పాత 120 లెక్క కూడా పక్కనే చూపిస్తారు. కాబట్టి పథకం అడిగే 60 అంటే ఆ పాత లెక్కలోది. ఫారం నింపేటప్పుడు దీన్ని కలిపేసుకోవద్దు.

ఇంకో సంగతి 2025 చివర్లో బయటపడింది. 2023 ఆగస్టు నుంచి 2025 సెప్టెంబరు మధ్య జరిగిన కొన్ని ఐఈఎల్‌టీఎస్ పరీక్షల్లో సాంకేతిక లోపం వల్ల తప్పుడు ఫలితాలు వచ్చాయని నిర్వాహకులే ఒప్పుకున్నారు. లోపం తగిలింది వినడం, చదవడం విభాగాలకే. 99 శాతానికి పైగా పరీక్షలకు ఇబ్బంది లేదని, దెబ్బతిన్నవాళ్లకు సవరించిన ఫలితాలు పంపామని చెప్పారు. కీ పెట్టి దిద్దేదాంట్లో కూడా పొరపాటు జరగొచ్చని తేలింది. ఆ కాలంలో రాసి ఐదున్నర దగ్గర ఆగినవాళ్లు తమ పాత ఈమెయిల్, స్పామ్ ఫోల్డర్‌తో సహా, ఒకసారి వెతుక్కోవడం మంచిది.

కొత్తగా రాసేవాళ్లకు, ఫలితం మీద అనుమానం ఉంటే పరీక్ష తేదీ నుంచి ఆరు వారాల్లోగా మళ్లీ దిద్దమని అడగొచ్చు. స్కోరు మారితే కట్టిన ఫీజు వెనక్కి ఇస్తారు. కంప్యూటర్ మీద రాసినవాళ్లు 60 రోజుల్లోగా ఒక్క విభాగం మాత్రమే మళ్లీ రాసే వీలుంది. పరీక్ష మొత్తం మళ్లీ రాస్తే 18 వేల రూపాయల దాకా అవుతుంది కాబట్టి ఇది ఉపయోగమే. అయితే ఆ ఒక్క విభాగం స్కోరును అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. ఫీజు కట్టకముందే వెళ్లాలనుకున్న యూనివర్సిటీకి, మైనారిటీ సంక్షేమ శాఖ కార్యాలయానికి రాసి జవాబు లిఖితంగా తెప్పించుకోవాలి. స్కోరు కార్డు రెండేళ్లు చెల్లుతుంది. విదేశీ విద్యా పథకం దరఖాస్తులు ఫాల్, స్ప్రింగ్ అడ్మిషన్లకు వేర్వేరుగా ఈ-పాస్ వెబ్‌సైటులో తీసుకుంటారు, స్కోరు చేతిలో ఉంటేనే ఫారం ముందుకు కదులుతుంది.